హన్మకొండ సివిల్స్ నోట్స్‌లో ఆర్మేనియన్ల మారణహోమం: కొనొచ్చు, పెన్ను పట్టుకొని చదవాలి

హన్మకొండ జిరాక్స్ సెంటర్లలో స్పైరల్ బైండింగ్‌తో అమ్ముతున్న ప్రపంచ చరిత్ర నోట్స్‌లో ఈ అధ్యాయానికి కాలక్రమమే బలం. 1914-15 చలికాలంలో సారికామిష్ దగ్గర రష్యా చేతిలో ఒట్టోమన్ (తుర్కు) సామ్రాజ్యం ఓటమి, ఆ నింద సామ్రాజ్యంలోని ఆర్మేనియన్ల మీద వేయడం, ఆర్మేనియన్ సైనికుల ఆయుధాలు లాక్కొని కూలి దళాల్లోకి నెట్టడం, 1915 ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో మేధావుల అరెస్టులు, మే 27న తరలింపు చట్టం. ఒక్కో మెట్టూ స్పష్టంగా ఉంది. అంతకుముందు ఆర్మేనియన్ల మీద జరిగిన 1894-96 ఊచకోతలను, 1909 అదానా ఊచకోతను మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు. అవి చదవకపోతే అంతా యుద్ధం వల్లే జరిగిందనిపిస్తుంది.

పెద్ద లోపం ‘తరలింపు’ అనే మాటతోనే సరిపెట్టుకోవడం. చాలాచోట్ల మగవాళ్లను ముందే వేరుచేసి చంపారు. ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను సిరియా ఎడారిలోని దేర్ ఎజ్ జోర్ వైపు నడిపించారు. దారిపొడవునా ఆకలి, దాహం, దాడులు. దీన్ని వలస అనుకోవడం అన్యాయం. మృతుల సంఖ్య దగ్గర 15 లక్షలు అని ఒక్క అంకె వేశారు. అంచనాలు 6 నుంచి 15 లక్షల దాకా ఉన్నాయి, రెండూ రాసుకోండి.

మ్యాప్ జిరాక్స్‌లో మసకబారింది. ఎర్జురుమ్, హార్‌పుట్, ఉర్ఫా, అలెప్పో, దేర్ ఎజ్ జోర్‌లను ఎర్ర పెన్నుతో గుర్తుపెడితే దారి అర్థమవుతుంది.

నోట్స్‌లో ఒక తప్పు దిద్దుకోవాలి: 1919లో ఇస్తాంబుల్ సైనిక కోర్టు, తరలింపుల నాటి ఒట్టోమన్ హోంమంత్రి తలత్‌కు అతను లేకుండానే విచారణ జరిపి మరణశిక్ష వేసింది ‘జెనోసైడ్’ నేరం కింద కాదు. ఆ మాటను పుట్టించిన న్యాయవాది లెమ్కిన్ దాన్ని 1944లోనే ప్రచురించాడు, జెనోసైడ్‌పై ఐరాస ఒప్పందం వచ్చింది 1948లో.