ఆటోగ్రాఫ్ కోసం ఫోటో ప్రింటు వేయిస్తున్నారా? "ఫ్రీ ల్యామినేషన్" అంటే పారిపోండి

ఇప్పుడే స్టూడియో నుంచి వచ్చాను. ఒళ్లు ఇంకా మండుతోంది, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. పేరు రాయను. మన ఊళ్లో సగం పెళ్లి ఆల్బమ్‌లు తయారయ్యేది ఎక్కడో మీకు తెలియనిది కాదు.

పోయిన నెల పద్యనాటకాలప్పుడు గ్రీన్‌రూమ్‌లో నేనే తీసిన ఫోటో ఇది. కృష్ణుడి వేషంలో ఉన్న పెద్దాయన కిరీటం తీసి ఒళ్లో పెట్టుకుని టీ ఊదుకుంటున్నారు. ఆయన పద్యాల కోసం మా నాన్న ఒకప్పుడు సైకిలేసుకుని ఊళ్లు తిరిగారు. ఆ ఫోటో మీద సంతకం పెట్టించి, ఫ్రేము కట్టించి నాన్నకివ్వాలని నా ముచ్చట. "8×12, ల్యాబ్ ప్రింటే కావాలి, మ్యాట్‌లో వేయండి, దాని మీద సంతకం పెట్టించాలి" అని కౌంటర్‌లో రెండుసార్లు చెప్పాను. చేతికొచ్చింది తళతళలాడే ల్యామినేషన్ ప్రింటు. "ఫ్రీగా వేశాం సార్, నీళ్లు పడ్డా ఏం కాదు" అన్నారు. ఫ్రీ అనగానే నా బుర్ర పనిచేయడం మానేసింది. పైగా థాంక్స్ చెప్పి మరీ వచ్చాను.

ల్యామినేషన్ అంటే ఫోటో మీద ప్లాస్టిక్ పొర. దాని మీద మార్కర్‌తో రాస్తే సిరా ఇంకదు, పైనే కూర్చుంటుంది. పర్మనెంట్ మార్కర్ అయినా అంతే. ఈ జ్ఞానం నాకు ఇవాళ కలిగింది.

పెద్దాయనకి ఎనభై దాటాయి. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, పసుపు ఉత్తరీయం ఉన్న చోట నాన్న పేరు, కింద "ఆశీస్సులతో", దాని కింద సంతకం. అంతసేపు కష్టపడి రాశారు. నేను మాత్రం ఆరేదాకా కూడా ఆగకుండా కవర్లో దోపేశాను. చివరి అక్షరం కాస్త అలికింది.

ఇవాళ ఫ్రేముకి ఇద్దామని వెళ్లి, "ఈ మరక అంచు కిందికి పోయేలా కట్టగలరా?" అని అడిగాను. అడిగింది అంతే! ఓనరు "దీనికెందుకు సార్ టెన్షన్" అంటూ అద్దాలు తుడిచే స్పిరిట్ సీసా తీశాడు, దూదికి అద్దాడు, నేను "అయ్యో, ఆగండి" అనేలోపు బరబరా రుద్దేశాడు. మరక పోయింది. సంతకం పోయింది. ఆశీస్సులు పోయాయి. నాన్న పేరులో మొదటి అక్షరం మిగిలింది. ప్రింటుని ట్యూబ్‌లైటు కిందికి ఎత్తి పట్టుకుని, "చూడండి సార్, కొత్తదానిలా అయింది" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. కాసేపటికి గొంతు పెగిలి అడిగితే, "పర్మనెంట్ మార్కర్ అయితే పోకూడదు కదా సార్, మీ పెన్ను డూప్లికేట్ అయ్యుంటుంది" అట. "ప్రింటు పాడవలేదుగా, మళ్లీ పెట్టించుకోండి. కావాలంటే ఇంకోటి ఫ్రీగా వేస్తా." మళ్లీ ఫ్రీ! వెనకాల కుర్రాడు నవ్వాపుకుంటున్నాడు. ఆ వణికే చేతుల ముందు మళ్లీ పెన్ను పెట్టడానికి నాకు ముఖం ఎక్కడుంది?

ఇంటికొచ్చి మూలన పొర ఊడదీసి తడి వేలు పెట్టి చూస్తే రంగు వేలికంటింది. అసలు ల్యాబ్ ప్రింటు రసాయనాల్లో కడిగి తీసేది, చుక్క నీళ్లకి రంగు దిగదు. అంటే నాకు అంటగట్టింది మామూలు ఇంక్‌జెట్. బిల్లు మీద మాత్రం "ల్యాబ్ ప్రింట్ – 120".

ఇంకో ఘనకార్యం కూడా చెప్పాలి. సంతకం పెట్టాక దాన్ని ఫోన్లో ఒక్క ఫోటో తీసుకోలేదు. ఫోటోగ్రఫీ నా హాబీ అట!

మీరైనా జాగ్రత్తగా ఉండండి. మ్యాట్ గానీ లస్టర్ (కాస్త గరుకుగా, కొద్దిగా మెరిసేది) గానీ ల్యాబ్ ప్రింటు అడగండి, ఫైలు వాట్సాప్‌లో కాకుండా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. రెండు కాపీలు వేయించి, ఒకదాని మూలన తడి వేలూ మార్కరూ రెండూ పరీక్షించుకోండి. సంతకానికి ముందే కాదు, తర్వాత కూడా ల్యామినేషన్ వద్దు, ఆ వేడికీ జిగురుకీ సిరా పాకే ప్రమాదం ఉంది. బాగా ఆరనిచ్చి, ముందు స్కాన్ చేయించుకోండి. ఫ్రేములో అద్దం ఫోటోకి తగలకుండా మధ్యలో మౌంట్ (ఫోటో చుట్టూ వచ్చే మందపాటి అట్ట) పెట్టించండి, లేకపోతే వానాకాలం చెమ్మకి అంటుకుపోతుంది. ఎండ పడే గోడకి వేలాడదీయకండి, మార్కర్ సిరా వెలిసిపోతుంది. శానిటైజర్ రాసుకున్న చేత్తో ముట్టుకోకండి.

ఫ్రేముకి అడ్వాన్సు కూడా ఇవ్వకండి. నా 300 ఇంకా ఆయన గల్లాపెట్టెలోనే ఉన్నాయి.