ఆదివారం మూతపడే రాజ్యం: టోంగాలో ఏది చూడాలి, ఎక్కడ దిగాలి

పసిఫిక్ సముద్రంలోని ద్వీపరాజ్యం టోంగాకి టికెట్ కొనేముందు చూసుకోవాల్సింది ధర కాదు, ఆదివారం ఎక్కడ పడుతోందో. ఆ రోజు అక్కడ విమానాలు ఉండవు. బస్సు తిరగదు, ట్యాక్సీ దొరకదు, కొట్లు తెరవరు. ఇది ఊరి కట్టుబాటు మాత్రమే అనుకుంటే పొరపాటు. 1875 నవంబరు 4న రాజు మొదటి జార్జ్ టుపౌ ఇచ్చిన రాజ్యాంగంలోనే ఈ మాట ఉంది. దాని ఆరో క్లాజు ప్రకారం విశ్రాంతిదినం పవిత్రం, చట్టం అనుమతించినవి తప్ప వ్యాపారాలు నడపకూడదు, ఆ రోజు రాసుకున్న ఒప్పందం చెల్లదు. ఆ రాజ్యాంగమే మార్పులతో ఇప్పటికీ నడుస్తోంది.

చాలామంది ఆదివారాన్ని పోయిన రోజుగా లెక్కేసి, శనివారమే వెళ్ళిపోయేలా ప్లాన్ చేసుకుంటారు. తిమింగలాల కోసమే వెళ్ళేవాళ్ళకి అది సరిపోతుంది. ఈ రాజ్యం ఎలా క్రైస్తవమైందో చూడాలనుకునేవాళ్ళకి మాత్రం ఆదివారమే అసలు యాత్ర, మిగతా ఆరు రోజులూ దాని చుట్టూ సర్దుకోవాలి.

ముందు దారి సంగతి. ఆక్లండ్ నుంచి సుమారు మూడు గంటలు, ఫిజీలోని నాడీ నుంచి గంటన్నర. భారతీయ పాస్‌పోర్టుకి ఫిజీలో ముందుగా వీసా అక్కర్లేదు, ఆక్లండ్ మీదుగా అయితే ట్రాన్సిట్ వీసా గొడవ ఉంటుంది. కాబట్టి నాడీ దారే తేలిక. (అక్కడ ఒక రోజు ఆగితే, గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా వెళ్ళిన తెలుగువాళ్ళూ ఇతర దక్షిణాదివాళ్ళ వారసులూ నడిపే సంగం బడులు కనిపిస్తాయి. అది వేరే కథ.) టోంగా వీసా మాత్రం బయల్దేరకముందే తీసుకోవాలి. మన దేశం తరఫున టోంగా వ్యవహారాలు చూసేది సువాలోని భారత హైకమిషన్. టోంగా గడియారం మనకన్నా ఏడున్నర గంటలు ముందు నడుస్తుంది. అంటే మనకి శనివారం సాయంత్రం నాలుగున్నరకే అక్కడ ఆదివారం మొదలు. ఆ తర్వాత ఇరవైనాలుగు గంటలు గెస్ట్‌హౌస్‌కి మెయిల్ పెట్టి జవాబు రాలేదని కంగారుపడొద్దు.

ఇక ద్వీపాలు. రాజధాని నుకుఅలోఫా ఉన్న టోంగాటాపు దక్షిణాన, హాపాయి మధ్యలో, వావావు ఉత్తరాన. టూర్లవాళ్ళు టోంగాటాపు చూపించి నేరుగా వావావుకి ఎక్కిస్తారు, హాపాయి దాటేస్తారు. మతమార్పిడి కథకి ఇది తలకిందుల వరుస. ఆ కథ రాజధానిలో ఓడిపోయి, హాపాయిలో నిలబడి, వావావులో పండి, చివరికి రాజధానికి తిరిగొచ్చింది.

ఓడిపోవడం ఎలాగంటే, 1797లో లండన్ మిషనరీ సొసైటీవాళ్ళు డఫ్ అనే ఓడలో వచ్చి పదిమందిని టోంగాటాపు పడమటి కొసన దింపారు. ఒక్కొక్కరూ ఒక్కో నాయకుడి అండన బతకాల్సి వచ్చింది. 1799లో తుకుఅహో అనే పాలకుడు హత్యకి గురై అంతర్యుద్ధం లేచింది, అండ పోయింది. ముగ్గురు చనిపోయారు, మరుసటి ఏడు మిగతావాళ్ళు ఓడెక్కేశారు, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడు, జార్జ్ వాసన్, టోంగావాళ్ళలో కలిసిపోయాడు. 1822లో మెథడిస్టు (ప్రొటెస్టెంటు క్రైస్తవుల్లో ఒక శాఖ) మిషనరీ వాల్టర్ లారీ వచ్చి పద్నాలుగు నెలలకే తిరిగెళ్ళాడు. 1826లో జాన్ థామస్ మళ్ళీ ఆ పడమటి కొసకే వచ్చాడు, అక్కడి నాయకుడు అతా లొంగలేదు. అప్పటికే నుకుఅలోఫాలో తాహితీ ద్వీపం నుంచి వచ్చిన ఇద్దరు బోధకులు జనాన్ని కూడగట్టారు. తెల్ల మిషనరీల కన్నా ముందు కుదురుకున్నది వాళ్ళే, దీన్ని గైడ్లు తరచూ చెప్పరు.

ఆ పడమటి కొసలో ఆ కాలపు గుర్తులుగా చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. కారు అద్దెకి తీసుకుంటే కొలోవై దగ్గర చెట్లకి వేలాడే పెద్ద గబ్బిలాలు, హౌమా దగ్గర రాతి రంధ్రాల్లోంచి ఎగజిమ్మే సముద్రం కలిపి ఒక పూట చాలు. హౌమాకి ఆటు వేళ వెళ్తే నీళ్ళు లేవవు, పోటు సమయం కనుక్కుని వెళ్ళాలి. డ్రైవింగ్ మనలాగే ఎడమవైపు. రోడ్డు మీద పందులు పిల్లల్ని వెంటేసుకుని దాటుతుంటాయి, చీకటి పడ్డాక నడపకపోవడం మేలు.

తూర్పు వైపు మాత్రం ఒక రోజంతా ఇవ్వాలి. క్రైస్తవానికి ముందు ఇక్కడ రాజు అంటే ఏమిటో తెలియకపోతే, తర్వాత ఏం మారిందో అర్థం కాదు. మూఆలో తుయి టోంగా రాజుల సమాధులు, లంగి అంటారు, మెట్లు మెట్లుగా పగడపు రాతి పలకలతో కట్టినవి. ఇంకా ముందుకి వెళ్తే నియుతోవా దగ్గర హాఅమొంగా: రెండు నిలువు రాళ్ళ మీద ఒక అడ్డరాయి, సుమారు ఐదు మీటర్ల ఎత్తు, 1200 ప్రాంతంలో నిలబెట్టింది. తుయి టోంగా దేవుడి సంతతి అని నమ్మకం. రాజ్యాంగం ఇచ్చిన మొదటి జార్జ్ టుపౌ అసలు పేరు తౌఫాహావ్. మతం మార్చుకున్నప్పుడు అతనికి ఆ పదవి లేదు, హాపాయి నాయకుడు మాత్రమే. ఆ పవిత్ర పదవి లేనివాడికి కొత్త దేవుడు బలమయ్యాడు అన్నది ఈ రాళ్ళ దగ్గర నిలబడితే బాగా తెలుస్తుంది.

హాపాయికి విమానంలో గంటలోపు, ఓడలో రాత్రంతా. దేశీయ విమానాలు వాతావరణం వల్లా, చిన్న విమానం మరమ్మతుకి వెళ్ళడం వల్లా రద్దవుతుంటాయి. అంతర్జాతీయ విమానానికి ముందు రెండు రోజులు ఖాళీ ఉంచుకోకపోతే ఇరుక్కుంటారు. ఓడ ప్రయాణం ఒళ్ళు హూనం చేస్తుంది. 2009 ఆగస్టులో ప్రిన్సెస్ అషికా మునిగి 74 మంది పోయాక జపాన్ ఇచ్చిన ఓడ ఇప్పుడు తిరుగుతోంది. జనం చాపలు పరుచుకుని పడుకుంటారు. వాంతుల మాత్ర ఎక్కాక కాదు, ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి. శనివారం రాత్రి ఆలస్యమైతే ఆదివారంలోకి వెళ్తుంది కాబట్టి వారం మొదట్లో బయల్దేరే ఓడే నయం.

లిఫుకా ద్వీపంలోని పంగై ఊరు చిన్నది, నేల చదును. సైకిల్ అద్దెకి దొరికితే రెండు రోజుల్లో అంతా చుట్టేయొచ్చు. 1831 ఆగస్టు 7న తౌఫాహావ్ బాప్తిస్మం పుచ్చుకుని, ఇంగ్లండు రాజు జార్జ్ పేరు మీద సియావోసి అయ్యాడు. అతని భార్య లుపేపావు, రాణి షార్లెట్ పేరు మీద సలోటే అయింది. అంతకుముందే అతను పాత దేవతల చెక్క బొమ్మలకి తాడు కట్టి ఉరి వేశాడు. మెడకి తాడు ఉన్న బొమ్మని మిషనరీ జాన్ విలియమ్స్ 1830లో ఇక్కడినుంచే తీసుకెళ్ళాడు. పాత కట్టడాల కోసం వెతికితే నిరాశే, 2014 జనవరిలో ఇయాన్ తుఫాను ఊళ్ళని నేలమట్టం చేసింది. మిగిలిన వాటిలో చూడాల్సింది షర్లీ బేకర్ సమాధి. మిషనరీగా వచ్చి రాజుకి ప్రధానమంత్రి అయిన మనిషి. 1885లో రాజుతో కలిసి ఆస్ట్రేలియా మెథడిస్టు సభ నుంచి టోంగా సంఘాన్ని వేరుచేశాడు. 1887లో అతని మీద హత్యాయత్నం జరిగింది, 1890లో బ్రిటిష్‌వాళ్ళు దేశం నుంచి పంపేశారు, చివరికి తిరిగొచ్చి 1903లో ఇక్కడే పోయాడు. ఇప్పుడు ఏ ఊళ్ళోనైనా పక్కపక్కనే రెండు మూడు మెథడిస్టు చర్చిలు కనిపించడానికి మూలం ఆ చీలికే. 1924లో అప్పటి రాణి సలోటే (తౌఫాహావ్ భార్య కాదు, అదే పేరున్న తర్వాతి తరం రాణి) కలిపే ప్రయత్నం చేసింది, కలవనివాళ్ళు మిగిలారు.

పంగైలో బస అంటే గదీ, ఫ్యానూ, పంచుకునే వంటిల్లూ. ఏటీఎం మీద ఆశ పెట్టుకోకుండా రాజధానిలోనే పఅంగా నోట్లు తీసుకోవాలి. ఒక పఅంగా 35 రూపాయలకి అటూ ఇటూ.

వావావులో సౌకర్యాలు బాగుంటాయి, ధరలూ అలాగే ఉంటాయి, ముఖ్యంగా జులై నుంచి అక్టోబరు దాకా తిమింగలాల సీజన్లో. కథ కోసమే వెళ్ళేవాళ్ళు మే, జూన్‌లో వెళ్తే అదే గది తక్కువకి దొరుకుతుంది. 1833లో ఇక్కడి పాలకుడు చనిపోతూ ద్వీపాలని తౌఫాహావ్‌కి అప్పగించాడు. 1834 జులైలో ఉతుయి అనే పల్లెలో మొదలైన ఉజ్జీవం (జనం ఉద్వేగంతో భక్తిలోకి మళ్ళే వెల్లువ) ద్వీపాలన్నీ పాకింది. 1839 నవంబరు 20న నెయాఫులోని పోవునో మైదానంలో రాజు పిడికెడు మట్టి తీసి పైకెత్తి దేశాన్ని దేవుడికి అప్పగించాడని టోంగావాళ్ళు చెప్పుకుంటారు. మొదటి లిఖిత చట్టం, వావావు కోడ్, ఆ ఏడాదిదే. పోవునోలో కనిపించేది గడ్డి మైదానమే, అరగంటలో అయిపోతుంది. దానికోసమే విమానం ఎక్కాలా అంటే, సమయం తక్కువుంటే వావావు వదిలేసి హాపాయి ఉంచుకోమంటాను.

ఇక ఆదివారానికి నుకుఅలోఫా. బస ఎంచుకునేటప్పుడు మూడే అడగాలి: రాజుగారు వచ్చే సైయోనే చర్చికి నడిచి వెళ్ళగలమా, ఆదివారం భోజనం పెడతారా, వంటిల్లు ఉందా. పడమటి తీరపు రిసార్టులని 2022 జనవరి 15 అగ్నిపర్వతం తెచ్చిన సునామీ ఊడ్చేసింది. ఇంటర్నెట్‌లో పాత ఫోటోలు ఇంకా తిరుగుతున్నాయి, ఇప్పుడు ఏముందో ఫోన్ చేసి అడగాలి. పైగా ఆదివారం అక్కడినుంచి ఊళ్ళోకి రావడానికి బండి దొరకదు. శనివారం మధ్యాహ్నం లోపే తాలమహు మార్కెట్లో పళ్ళు, దుంపలు, కొబ్బరికాయలు, కొట్లో రొట్టె, తాగే నీళ్ళు కొనేసుకోవాలి. సాయంత్రానికి అరలు ఖాళీ అవుతాయి.

ప్రధాన ఆరాధన మామూలుగా పదింటికి. తొమ్మిదిన్నరకే చేరి వెనకో పక్కనో కూర్చోవాలి. రాజుగారి స్థానం విడిగా ఉంటుంది, ఆ వైపు వెళ్ళకూడదు. మగవాళ్ళు చొక్కా, పొడుగు ప్యాంటు, ఆడవాళ్ళకి భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు. మన చీర గానీ సల్వార్ గానీ ఇబ్బందేం లేదు. స్థానికులు తుపెను అనే లుంగీలాంటి గుడ్డ మీద తఓవలా చుట్టుకుంటారు. అది మొగలి జాతి ఆకులతో అల్లిన చాప. నడుముకి చుట్టి, కొబ్బరిపీచు తాడుతో బిగిస్తారు. చావు ఇంటివాళ్ళది పెద్దగా, ముతకగా, అంచులు చిరిగి ఉంటుంది. అలాంటివి చుట్టుకున్నవాళ్ళని ఫోటో అడగొద్దు.

ఆరాధన టోంగన్‌లోనే, గంటన్నర దాకా సాగుతుంది. వెళ్ళేది పాట కోసం. చాలాసార్లు వాద్యాలు లేకుండానే వందల గొంతులు నాలుగు స్థాయిల్లో లేస్తాయి. పాటల స్వరాలు అంకెల్లో రాసుకుంటారు. సప్తస్వరాలకి 3 నుంచి 9 దాకా అంకెలు. ఈ పద్ధతి 1866లో టుపౌ కాలేజీ పెట్టిన మిషనరీ మౌల్టన్ ఏర్పరచింది.

చర్చి అయ్యాక ఊరంతా పొగ వాసన, గొయ్యిలో కాల్చిన రాళ్ళ మీద పొద్దున్నే పెట్టి వెళ్ళిన ఉము తీస్తారు. అందులో లూ ముఖ్యం. నాలుగైదు లేత చేమ ఆకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, మాంసం, ఉల్లి, చిక్కటి కొబ్బరిపాలు పోసి పొట్లం కడతారు. ఆకు మన చేమ ఆకే, సగం ఉడికితే గొంతు దురదే. శాకాహారులు శుక్రవారమే మాంసం లేని లూ కావాలని చెప్పాలి. ఆదివారం పొద్దున చెబితే అప్పటికే పొట్లాలు గొయ్యిలో ఉంటాయి. భోజనం తర్వాత అందరూ నిద్రపోతారు. ఆ వేళ సముద్రతీరం వెంట నడిచి, 1867లో కట్టిన తెల్ల చెక్క రాజభవనాన్ని కంచె బయటినుంచే చూడొచ్చు, లోపలికి రానివ్వరు. బీచ్‌లో ఈతకి దిగకూడదు. చొక్కా లేకుండా నడవడం అయితే ఏ రోజైనా నేరమే.