0.1 నార్మల్ పర్‌క్లోరిక్ యాసిడ్: 11 ఏళ్ల వాడకం తర్వాత

హైదరాబాద్ దగ్గర ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో, క్యూసీ (నాణ్యత పరీక్ష) ల్యాబ్‌లో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. గ్లేసియల్ (దాదాపు నీరు లేని) ఎసిటిక్ యాసిడ్‌లో కలిపిన 0.1 నార్మల్ (ఇది గాఢత కొలమానం) పర్‌క్లోరిక్ ద్రావణంతో దాదాపు రోజూ పని పడుతుంది. నీళ్లలో టైట్రేట్ చేస్తే (గాఢత తెలిసిన ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి కొలిస్తే) ఎండ్ పాయింట్, అంటే చర్య పూర్తయిన చోటు, సరిగా కనిపించని బలహీనమైన ఎమైన్లు (నైట్రోజన్ ఉన్న క్షారాలు) కూడా దీనికి చక్కగా దొరికిపోతాయి. అందుకే హెచ్‌పీఎల్‌సీలు (మిశ్రమాన్ని విడదీసి కొలిచే యంత్రాలు) ఎన్ని వచ్చినా మేము బ్యూరెట్‌ను (ద్రావణాన్ని చుక్కలుగా వదిలే గీతల గాజు గొట్టాన్ని) వదల్లేదు.

ఎండ్ పాయింట్‌ను రంగుతో చూపే క్రిస్టల్ వయొలెట్ వేసిన ఫ్లాస్కులో ఊదా రంగు మెల్లగా నీలానికి తిరుగుతుంది. అక్కడ తొందరపడకూడదు. ఇంకో అర చుక్క పడితే ఆ నీలంలో పచ్చదనం తొంగిచూస్తుంది. ఏ రంగు దగ్గర ఆపాలన్నది మందును బట్టి మారుతుంది కాబట్టి, కొత్త శాంపిల్ వస్తే పొటెన్షియోమీటర్‌తో (వోల్టేజీ మార్పుతో ఎండ్ పాయింట్ చూపే పరికరంతో) కూడా సరిచూసుకుంటాను.

ఈ ద్రావణం కలిపేటప్పుడు మాత్రం వరుస తప్పకూడదు. లీటరుకు 70 శాతం పర్‌క్లోరిక్ యాసిడ్ 8.5 మిల్లీలీటర్లు. దాన్ని ముందు ఎసిటిక్ యాసిడ్‌లో బాగా పలచన చేసి, ఆ తర్వాతే, అందులోని నీటిని తీసేసే ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌ను చల్లబరుస్తూ కొంచెం కొంచెంగా పోయాలి. చిక్కటి పర్‌క్లోరిక్‌లో అన్‌హైడ్రైడ్ నేరుగా పోయనే పోయకండి. 1947లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక ఎలక్ట్రోప్లేటింగ్ ప్లాంటులో ఈ రెండూ కలిసిన మిశ్రమమే పేలి 17 మంది చనిపోయారు. కొత్తగా చేరిన పిల్లలకు ఈ సంగతి చెప్పాకే సీసా చేతికిస్తాను. అన్‌హైడ్రైడ్ ఎక్కువైనా తంటాయే: ప్రైమరీ, సెకండరీ ఎమైన్లను ఎసిటైలేట్ చేసి (తానే వాటితో చర్య జరిపి) రిజల్ట్ తగ్గించేస్తుంది. ఒక రోజు ఉంచి, కార్ల్ ఫిషర్ అనే పరీక్షలో నీటి శాతం చూసుకుని, ఆరబెట్టిన కేహెచ్‌పీతో (పొటాషియం హైడ్రోజన్ థాలేట్ అనే ప్రామాణిక లవణంతో) స్టాండర్డైజ్ చేస్తాం, అంటే అసలు గాఢత ఎంతో తేలుస్తాం.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది వేడి. ఒక మే నెలలో పొద్దున 24 డిగ్రీల దగ్గర స్టాండర్డైజ్ చేశాను. మధ్యాహ్నం ఏసీ ఆగి గది 31కి చేరింది. 98.5 నుంచి 101.0 లోపు రావాల్సిన ఎస్సే (శాంపిల్‌లో అసలు మందు శాతం) 101.3 వచ్చింది. ఒకటే టెన్షన్. శాంపిల్‌లో ఏ తప్పూ లేదు. ఎసిటిక్ యాసిడ్ డిగ్రీకి 0.11 శాతం వ్యాకోచిస్తుంది, 7 డిగ్రీలకు 0.77 శాతం. ద్రావణం ఆ మేర పలచబడి, ఎక్కువ ఖర్చయింది. ఆ సవరణ వేస్తే 100.5.

అప్పటి నుంచి బ్యూరెట్ స్టాండుకు థర్మామీటర్ కట్టి ఉంచాను. రీడింగ్ పక్కన ఉష్ణోగ్రత రాయని నోట్‌బుక్ మీద నేను సంతకం పెట్టను.