డ్రాయింగ్ సైట్లు, ఫోటో ఎడిటింగ్ సైట్లు పిల్లల చేతికి ఇవ్వొచ్చా? మా ఇంట్లో వాడి చూశాక రాస్తున్నా

ఈ ఎండాకాలం సెలవుల్లో మా పాపకి (తొమ్మిదేళ్లు), మా అక్క కొడుకుకి (పన్నెండు) ఒకటే ధ్యాస, ల్యాప్‌టాప్‌లో బొమ్మలు వేయడం. మేముండేది నాగోల్‌లో. మధ్యాహ్నం ఎండకి పిల్లల్ని బయటికి పంపే పరిస్థితి లేదు, బొమ్మలే కదా, రీల్స్ చూడటం కన్నా నయం అని సరే అన్నాను.

మొదటి రోజే ఏడుపు. 'ఫ్రీ డ్రాయింగ్' అని వెతికితే పైన వచ్చిన ఒక సైట్ తెరిచి పాపకిచ్చి నేను వంటింట్లోకి వెళ్లాను. దాని పేరు రాయను. పాప బతుకమ్మ వేసింది. అడుగున తంగేడు పూల పసుపు, దాని మీద గునుగు తెలుపు, మళ్లీ పసుపు. మౌస్‌తో వేసినా వరసలు చక్కగా వచ్చాయి. సేవ్ చేద్దామంటే పేజీలో మూడు 'డౌన్‌లోడ్' బటన్లు! పెద్దగా, ఆకుపచ్చగా ఉన్న రెండూ ప్రకటనలు. అసలుది కింద మూలన బూడిద రంగులో చిన్నగా ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల ఏది నొక్కుతుంది? పెద్దదే నొక్కింది. వెంటనే ఇంకో ట్యాబ్‌లో ఎర్రటి స్క్రీన్, మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి అని ఇంగ్లిష్‌లో ఒక గొంతు మొదలైంది. "మమ్మీ, నేనేం చెయ్యలే" అంటూ పరిగెత్తుకొచ్చింది, చేతులు వణుకుతున్నాయి. వచ్చే ముందు కంగారులో అన్నీ మూసేసింది, బతుకమ్మ కూడా పోయింది. ఏం కాలేదమ్మా, అది ఉత్తుత్తి స్క్రీన్ అని ఎంత చెప్పినా రెండు రోజులు ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు.

అప్పటి నుంచి ఏ సైట్ అయినా వాళ్లకిచ్చే ముందు ఓ అరగంట నేనే కూర్చుని పిల్లలు చేసే పనులన్నీ చేసి చూస్తున్నా. సేవ్ ఎక్కడుంది, పక్కన ఎలాంటి ప్రకటనలు వస్తున్నాయి, వేసిన బొమ్మ ఎవరెవరికి కనిపిస్తుంది, ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్ పెట్టగలరా, ఫోటో పెడితే అది ఎటు పోతుంది. బ్రష్‌లు, రంగులు ఎన్నున్నాయన్నది వీటన్నిటి తర్వాతే చూస్తాను.

చిన్నపిల్లలకి నేను ముందు చెప్పేది టక్స్ పెయింట్. ఇది సైట్ కాదు, డౌన్‌లోడ్ చేసి పెట్టుకునే ప్రోగ్రామ్, కానీ ఈ విషయంలో దీన్ని వదిలేయలేను. 2002 నుంచి ఉంది, పూర్తిగా ఉచితం, మూడు నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసమే చేశారు, ప్రకటనలు లేవు, అకౌంట్ అక్కర్లేదు, ఒకసారి పెట్టుకున్నాక ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. తెలుగులో పెట్టుకునే వీలూ ఉంది. నాకు బాగా నచ్చింది దాని సేవ్ బటన్. ఫైల్ పేరేంటి, ఏ ఫోల్డర్ అని అడగదు, నొక్కితే సేవ్ అయిపోతుంది, మళ్లీ తెరిచినప్పుడు పాత బొమ్మలన్నీ చిన్న చిన్నగా వరసగా కనిపిస్తాయి, కావాల్సింది ముట్టుకుంటే చాలు. బతుకమ్మ పోగొట్టుకున్న పిల్లకి ఇది ఎంత ధైర్యమిచ్చిందో చూస్తేగానీ తెలియదు. అందులో కలైడోస్కోప్ అనే టూల్ ఉంది, ఒక వైపు గీత గీస్తే చుట్టూ అన్ని వైపులా అదే గీత పడుతుంది. పాప దాంతో ముగ్గులు వేయడం మొదలుపెట్టింది. మా అత్తయ్య పక్కన కూర్చుని "ఆ మెలిక లోపలికి తిప్పు బిడ్డా" అని చెబుతుంటే ఇద్దరూ గంటసేపు లేవలేదు. చుక్కలు పెట్టి ముగ్గేసే చేయి కదా ఆవిడది, స్క్రీన్ మీదైనా ఏ గీత ఎటు పోవాలో ఇట్టే చెప్పేసింది.

బ్రౌజర్‌లోనే కావాలంటే క్లెకీ బాగుంది. తెరవగానే తెల్ల కాగితం, పక్కన బ్రష్‌లు, అంతే. అకౌంట్ అడగదు. లేయర్లు (ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లాంటివి) కూడా ఉన్నాయి, కాబట్టి కాస్త పెద్ద పిల్లలకి బోర్ కొట్టదు.

మా అక్క కొడుకు మాత్రం పిస్కెల్‌లో పడ్డాడు. గళ్లు నింపుతూ పాత వీడియో గేముల్లో లాంటి బొమ్మలు వేసే సైట్ ఇది, దీనికీ అకౌంట్ లేకుండానే పని జరుగుతుంది. 32 గళ్లు అడ్డం, 32 గళ్లు నిలువు, అందులో చార్మినార్ వేస్తానన్నాడు. నాలుగు మినార్లు మొత్తం కనపడాలంటే ఒక్కోదానికి మూడు గళ్ల కన్నా వెడల్పు ఇవ్వలేం, కమాను వంపు తిప్పడానికి చోటే లేదు, గడియారానికైతే ఒకే ఒక్క తెల్ల గడి మిగిలింది. "పిన్నీ, ఒక్క గడితో గడియారం అని తెలుస్తదా?" అని అడిగాడు. రెండడుగులు వెనక్కి జరిగి చూస్తే నిజంగానే తెలిసింది! ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని వాడు అంత ఆలోచించడం నేను డ్రాయింగ్ క్లాసులో కూడా చూడలేదు. స్క్రాచ్ గురించి చాలామందికి తెలిసే ఉంటుంది, అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో తయారై 2007లో వచ్చింది. కోడింగ్ కోసమే అనుకుంటారు కానీ లోపల బొమ్మలు వేసే ఎడిటర్ ఉంది, వేసిన బొమ్మని అక్కడే కదిలించొచ్చు. ప్రకటనలు లేవు, ప్రైవేట్ మెసేజ్‌లు లేవు. పబ్లిక్ కామెంట్లు ఉంటాయి, వాటిని గమనించే ఏర్పాటు ఉంది. అకౌంట్ తీస్తే అసలు పేరు మాత్రం పెట్టనివ్వకండి.

ఇక గ్యాలరీలు ఉన్న సైట్లు, అంటే వేసిన బొమ్మని అందరూ చూసేలా పెట్టేవి. అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. మా అక్క కొడుకు నాకు చెప్పకుండా ఒక డ్రాయింగ్ సైట్‌లో పుట్టిన సంవత్సరం మార్చి అకౌంట్ తీశాడు, చార్మినార్ పెట్టాడు, లైకులు వచ్చాయి. నాలుగో రోజుకి ఎవరో "చాలా బాగా వేశావ్, నీ వయసెంత" అన్నారు. ఆ తర్వాత "నీ అసలు ఫోటో పంపు, నీ బొమ్మ వేసిస్తా" అన్నారు. వాడికి అందులో తప్పేమీ కనిపించలేదు, మెచ్చుకుంటున్నారనే సంతోషంలో ఉన్నాడు, ఏ ఫోటో బాగుంటుందని నన్నే అడగడానికి వచ్చాడు కాబట్టి నాకు తెలిసింది. నేను వాణ్ణి తిట్టలేదు. తిడితే ఇంకోసారి అడగడు. ఇద్దరం కలిసి ఆ మనిషిని బ్లాక్ చేశాం, రిపోర్ట్ కొట్టాం, అకౌంట్ తీసేశాం. ఆ రిపోర్ట్‌కి సైట్ వాళ్ల నుంచి ఇప్పటికీ ఒక్క ముక్క జవాబు రాలేదు, అందుకే నాకు ఆ సైట్ మీద కోపం ఇంకా తగ్గలేదు.

అకౌంట్ తీయాలంటే పదమూడేళ్లు నిండాలని ఇలాంటి సైట్లు ఎందుకంటాయంటే, అమెరికాలో 1998లో చేసిన చట్టం ప్రకారం పదమూడేళ్ల లోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. అంటే అది వివరాల గొడవకి పెట్టిన వయసు, అక్కడి బొమ్మలు పదమూడేళ్ల పిల్లలు చూడదగ్గవని ఎవరూ సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు. డీవియంట్ఆర్ట్ 2000 నుంచి ఉన్న సైట్, గొప్ప ఆర్టిస్టులున్నారు, కానీ పెద్దవాళ్లు మాత్రమే చూడదగ్గ బొమ్మలు కూడా ఉంటాయి. పదమూడు నిండినవాళ్లకే అకౌంట్ అంటారు గానీ నేనైతే ఆ వయసు పిల్లల్ని అక్కడ ఒంటరిగా వదలను. మన దగ్గర 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం పద్దెనిమిది లోపు అందరినీ పిల్లలనే అంటుంది, పిల్లల్ని గురిపెట్టి ప్రకటనలు చూపించకూడదనీ అంటుంది.

ఫోటోల సంగతి ఇంకా ముఖ్యం. బొమ్మ పోతే మళ్లీ వేసుకోవచ్చు, పిల్లల మొహం అలా కాదు. ఫోటో ఎడిటింగ్ సైట్లు రెండు రకాలు. కొన్నిటిలో ఫోటో మన కంప్యూటర్‌లోనే ఉంటుంది, కొన్నిటిలో వాళ్ల సర్వర్‌కి వెళ్లి మారి తిరిగొస్తుంది. పిల్లలకి ఇది ఎలా చూపించానంటే, ఫోటోపీ అనే ఫోటో ఎడిటింగ్ సైట్ తెరిచి, పూర్తిగా లోడ్ అయ్యాక వైఫై ఆపేశాను. గోల్కొండలో మేం దిగిన ఫోటో తెరిస్తే తెరుచుకుంది, కత్తిరిస్తే కత్తిరించింది. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ తీసేసే ఇంకో సైట్‌లో అలాగే వైఫై ఆపి అదే ఫోటో పెట్టాం. గుండ్రం తిరుగుతూనే ఉంది. "అంటే మన ఫోటో బయటికి పోదామని చూస్తోందా?" అంది పాప. అవును, అంతే. ఫోటోపీలో పక్కన ప్రకటనలుంటాయి, చూడ్డానికి అచ్చం ఫోటోషాప్‌లా ఉంటుంది, చిన్నపిల్లలకి కష్టం. పన్నెండు దాటినవాళ్లు నేర్చుకుంటే మాత్రం చాలా పనికొస్తుంది. కాన్వాలో స్కూల్ పోస్టర్లు బాగా వస్తాయి, కానీ అది మామూలుగా పదమూడు నిండినవాళ్లకి. స్కూళ్లకి విడిగా ఉచిత ఎడ్యుకేషన్ కాన్వా ఉంది, మీ స్కూల్ టీచర్ని అడిగి అందులో చేర్పించడం మేలు.

ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీసిన ఫోటోలో ఎక్కడ తీశామో కూడా దాగి ఉంటుంది. కెమెరా సెట్టింగ్స్‌లో అది ఆపేయండి. పాత ఫోటో అయితే స్క్రీన్‌షాట్ తీసి దాన్ని వాడండి, ఆ స్క్రీన్‌షాట్‌లో ఫోటో తీసిన చోటు వివరాలు రావు. యూనిఫాం మీద స్కూల్ పేరు, వెనక అపార్ట్‌మెంట్ బోర్డు కనపడే ఫోటోలు మా ఇంట్లో ఇప్పుడు ఏ సైట్‌కీ పెట్టం.

మార్ఫింగ్ గురించి ఆడపిల్లలతోనే కాదు, మగపిల్లలతో కూడా మాట్లాడాలి. క్లాస్‌మేట్ ఫోటోని సరదాకని అసభ్యంగా మార్చినా అది నేరమే అని మా అక్క కొడుకుకి సూటిగా చెప్పాను, వాడు సిగ్గుపడినా విన్నాడు. మీ పిల్లల ఫోటోని ఎవరైనా అలా చేస్తే ఆలస్యం చేయకండి. సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లల మీద జరిగే నేరాలకి విడిగా విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. పిల్లలు వాళ్లంతట వాళ్లు సాయం అడగాలంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది.

ఇప్పుడు మా ల్యాప్‌టాప్‌లో టక్స్ పెయింట్, క్లెకీ, పిస్కెల్, స్క్రాచ్ ఉన్నాయి, నేను పక్కనుంటే ఫోటోపీ. ల్యాప్‌టాప్ హాల్లోనే ఉంటుంది, బెడ్‌రూమ్‌లోకి వెళ్లదు. మొన్న పాప బతుకమ్మ మళ్లీ వేసింది, ఈసారి మధ్యలో నానమ్మ ఫోటో కత్తిరించి పెట్టింది. కలర్ ప్రింట్ కోసం జిరాక్స్ షాపుకి వెళ్తే వాట్సాప్ చేయమన్నారు. పాపే పెన్‌డ్రైవ్ తీసిచ్చింది, ప్రింట్ వచ్చాక "అంకుల్, మీ కంప్యూటర్‌లో ఉన్నది డిలీట్ చెయ్యండి, రీసైకిల్ బిన్‌లోది కూడా" అని చెప్పి, ఆయన డిలీట్ చేసేదాకా కౌంటర్ దగ్గరే నిలబడింది.