డెంగీకి కార్డు టెస్టా, ఎలీసానా?

పోయిన వానల్లో గాజువాకలో ఉండే మా తమ్ముడికి జ్వరం వచ్చింది. రెండో రోజే దగ్గర్లోని ల్యాబులో డెంగీ వైరస్ వదిలే ఎన్ఎస్1 ప్రొటీన్‌ని వెతికే కార్డు టెస్టు చేయించుకున్నాడు. నెగెటివ్. "డెంగీ కాదంట అన్నయ్యా" అని ఫోన్ చేసి, ఆ ధైర్యంతో మాత్ర వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. నాలుగో రోజుకి కళ్ళ వెనక నొప్పి, ఒళ్ళంతా పట్టేసింది. విశాఖ పెద్దాసుపత్రి దగ్గరి కేజీహెచ్ డౌన్‌లో అదే ఎన్ఎస్1 ఎలీసాలో, అంటే మెషీన్‌తో చూసే ల్యాబు పరీక్షలో, చేయిస్తే పాజిటివ్.

మొదటి ల్యాబు మోసం చేసిందని అమ్మ ఇప్పటికీ తిడుతుంది. నేననుకోను. జబ్బు నిజంగా ఉన్న వందమందిలో ఎంతమందిని పట్టుకుంటుందో దాన్నే టెస్టు సెన్సిటివిటీ అంటారు. కార్డు బలహీనం అక్కడే. లేనివాళ్ళకి ఉందని చెప్పడం మాత్రం దానికి తక్కువ. అందుకే కార్డులో పాజిటివ్ వస్తే నమ్మొచ్చు, నెగెటివ్ వస్తే నమ్మి నిద్రపోకూడదు.

కార్డుని నేనూ దగ్గరగా చూశాను. కార్డు పనిచేసిందని చెప్పే సీ దగ్గర ఒక గీత, పాజిటివ్ అయితే టీ దగ్గర ఇంకోటి. పదిహేను, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. టీ దగ్గర గీత వెంట్రుకంత సన్నగా ఉంటే, ట్యూబ్‌లైటు కింద ఒకరికి కనిపిస్తుంది, ఇంకొకరికి కనిపించదు. టైము దాటాక తేలిన గీతకి విలువ లేదు. ఎలీసాలో 96 చిన్న గుంటల ప్లేటు ఉంటుంది, రంగు ఎంత తేలిందో మెషీన్ అంకెల్లో చెబుతుంది. కళ్ళతో పేచీ లేదు. కాకపోతే ప్లేటుకి సరిపడా శాంపిళ్ళు పోగయ్యే దాకా కొన్ని ల్యాబులు ఆగుతాయి, రిపోర్టు మర్నాటికి పడుతుంది. డెంగీ ఖాయమని ప్రభుత్వం లెక్కలో రాసేది ఎలీసానే చూసి.

అయినా కార్డా ఎలీసానా అన్నదాని కంటే జ్వరం ఎన్నో రోజన్నది నాకు పెద్ద ప్రశ్న. మొదటి ఐదు రోజుల్లో వెతకాల్సింది ఎన్ఎస్1. తర్వాత అది తగ్గిపోతుంది, అప్పుడు వైరస్‌తో పోరాడటానికి ఒళ్ళు తయారుచేసే ఐజీఎం యాంటీబాడీ చూడాలి. రెండో రోజున ఐజీఎం చేయిస్తే డబ్బు దండగ. పైగా ఐజీఎం రెండు మూడు నెలలు ఒంట్లో ఉండిపోతుంది కాబట్టి పాత జ్వరం గుర్తు కూడా కావచ్చు. ఇంకో చిక్కుంది. డెంగీ రెండోసారి వచ్చినవాళ్ళలో పాత యాంటీబాడీలు ఎన్ఎస్1ని అంటిపెట్టుకుని కనపడనివ్వవు. మావాడికి చిన్నప్పుడు ఒకసారి వచ్చింది మరి.

డబ్బు ఒక్కదానికే ఉంటే నేను ఎలీసానే చేయిస్తాను. ఎలీసా దూరమైన ఊళ్ళో అయితే కార్డే, నెగెటివ్ వచ్చినా డాక్టరుని వదలకుండా. జ్వరం దిగాక ఒకటి రెండు రోజులే అసలు ప్రమాదం, అప్పుడు రక్తపరీక్ష మానకూడదు. బొప్పాయి ఆకు రసం సంగతి అమ్మతో వాదించే ఓపిక నాకు లేదు.

మొన్న తమ్ముడి రూమ్మేట్‌కి ఒళ్ళు కాలితే, వీడు ల్యాబుకి బయల్దేరే ముందు గోడమీద క్యాలెండర్లో జ్వరం మొదలైన తేదీకి సున్నా చుట్టాడట.