డ్యూమాలో దీర్ఘకాలం: పార్టీ జాబితానా, నియోజకవర్గమా?

రష్యా పార్లమెంటు దిగువ సభ డ్యూమాలో 450 స్థానాలు. అక్కడ ఎక్కువకాలం నిలవాలంటే ఏ దారి మేలు? 2016 నుంచి సగం పార్టీ జాబితాలకు (పార్టీకి వచ్చిన ఓట్ల వాటాను బట్టి దాని జాబితాలోని వారికి సీట్లు), సగం నియోజకవర్గాలకు.

శ్రమ: జాబితాలో పార్టీ 5 శాతం ఓట్లు దాటితే చాలు. నియోజకవర్గంలో ఊరూరా తిరగాలి. స్వతంత్రుడైతే ముందు 3 శాతం ఓటర్ల సంతకాలు తేవాలి. ఇది చాలామందికి అక్కడే తలుపు మూసేస్తుంది.

స్వేచ్ఛ: జాబితా సభ్యుడు సభలోని తన పార్టీ బృందాన్ని వీడితే సీటు పోతుంది. నియోజకవర్గ సభ్యుడు ప్రధానంగా జవాబు చెప్పాల్సింది ఓటరుకే.

ముప్పు: అసలు తేడా ఇక్కడే. కమ్యూనిస్టు నేత జ్యుగానోవ్ 1993 నుంచి సభలోనే ఉన్నారు. పార్టీ పగ్గాలు ఆయనవే కాబట్టి జాబితాలో ముందు పేరూ ఆయనదే. సైబీరియాలోని అల్తాయ్‌కి చెందిన వ్లదీమిర్ రిజ్కోవ్ కూడా 1993లోనే వచ్చారు, 2003లో అక్కడి బర్నౌల్ నగర నియోజకవర్గం నుంచి నెగ్గారు. 2007 ఎన్నిక మాత్రం పూర్తిగా జాబితాలతోనే జరిగింది. ఆయన పార్టీ గుర్తింపూ రద్దయింది. ఓటర్లు తిరస్కరించకుండానే ఆయన సభకు దూరమయ్యారు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

పార్టీ అగ్రనేతకు జాబితాయే నయం. స్థానికంగా బలమున్నా పార్టీలో పట్టులేని వారికి నియోజకవర్గం మేలు, నిబంధనలు మారనంత వరకు.