పేషెంట్ మీద నేర్చుకోవడమా, డబ్బాలో నేర్చుకోవడమా: సర్జన్‌కి చెయ్యి తిరగాలంటే ఏది మేలు?

మొన్న మా దగ్గర సర్జరీ పీజీ చేస్తున్న కుర్రాడు అడిగాడు, "సార్, ల్యాప్ సిమ్యులేటర్ కోర్సు ఒకటుంది, లీవ్ పెట్టి వెళ్లనా, లేక ఆ నాలుగు రోజులు ఓటీలోనే (ఆపరేషన్ థియేటర్) ఉండి కేసులు అసిస్ట్ చేసుకోనా?" అని. ల్యాప్ అంటే ల్యాపరోస్కోపీ, పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో స్క్రీన్ మీద చూస్తూ చేసే ఆపరేషన్, సిమ్యులేటర్ అంటే దాన్ని పేషెంట్ లేకుండా ప్రాక్టీసు చేసే డబ్బా. వెళ్లరా అనేశా. ఇంటికొచ్చాక మాత్రం ఆలోచనలో పడ్డా, అంత ఠక్కున చెప్పేసే విషయమేనా ఇది అని.

మా రోజుల్లో అయితే ఈ ప్రశ్నే లేదు. నేను 1997లో ఒక గవర్నమెంట్ ఆస్పత్రిలో పీజీలో చేరా, మొదటి ఏడాదంతా చేసిన పని డీవర్ రిట్రాక్టర్ పట్టుకోవడం, అంటే కోసిన చోట అవయవాల్ని పక్కకి లాగి పట్టే వంపు పనిముట్టు. లివర్‌ని పైకెత్తి పట్టుకోవాలి, వేలు జారితే తిట్లు, గంటలు గంటలు అలా నిలబడితే కనిపించేది చీఫ్ గారి మోచెయ్యి ఒక్కటే. "ఏరా, చూస్తున్నావా?" అనేవారు, "చూస్తున్నా సార్" అనేవాళ్లం, ఏం చూశామో ఆ దేవుడికే తెలియాలి. ముడులు వెయ్యడం హాస్టల్ మంచం కోడుకి దారం కట్టి నేర్చుకున్నా, చివరికి ఆ కోడుకి దారాల గడ్డం మొలిచింది.

ఈ పద్ధతికి మూలపురుషుడు హాల్‌స్టెడ్ అని అమెరికా సర్జన్. 1889లో తెరిచిన జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో మొదలుపెట్టారు, ఏళ్ల తరబడి ఆస్పత్రిలోనే పడుండి మెట్టు మెట్టుగా బాధ్యత పెంచుకుంటూ పోవడం. తర్వాత్తర్వాత దాన్ని "ఒకటి చూడు, ఒకటి చెయ్యి, ఒకటి నేర్పు" అని కుదించేశారు. ఆయన కొకైన్‌ని మత్తు ఇంజెక్షన్‌గా పరీక్షించబోయి తనే దానికి అలవాటు పడ్డారన్నది మాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు లెండి.

ఈ పద్ధతిలో గొప్ప ఏంటంటే బుర్ర తయారవుతుంది. రాత్రి రెండింటికి టైఫాయిడ్‌తో పేగుకి చిల్లు పడినవాడు వస్తాడు, పొట్ట బల్లలా ఉంటుంది, ఇప్పుడే ఆపరేషన్‌కి తియ్యాలా, రెండు గంటలు ఫ్లూయిడ్స్ ఎక్కించి తియ్యాలా, ఇది ఏ మెషీనూ నేర్పదు. చెడు ఏంటంటే మన నేర్చుకోవడానికి ఫీజు కట్టేది పేషెంటు. అదీ ఎవరు, జనరల్ వార్డులో ఉండే పేదవాళ్లు. సూపరింటెండెంట్ గారి బావమరిది మీద ఎవడూ మొదటి అపెండిక్స్ చెయ్యలేదు కదా.

ఆ ఫీజు ఎంతో గాల్ బ్లాడర్ (లివర్ కింద పైత్యరసం నిలవుండే సంచి) కథ చూస్తే తెలుస్తుంది. 1882 నుంచి పొట్ట కోసే తీసేవాళ్లు. 1985లో జర్మనీలో మ్యూహె అనే ఆయన చిన్న రంధ్రాల్లోంచి తీశారు, 1987లో ఫ్రాన్స్‌లో మూరే, 1990లో ముంబై జేజే ఆస్పత్రిలో ఉద్వాడియా గారు. ఇక అందరూ ఎగబడ్డారు, వందల ఓపెన్ (పొట్ట కోసి చేసే) కేసులు చేసిన పెద్ద పెద్ద సర్జన్లు వీకెండ్ కోర్సు చేసొచ్చి సోమవారం మొదలెట్టేశారు. ఓపెన్‌లో మెయిన్ పైత్యనాళం, అంటే కామన్ డక్ట్, తెగడం వెయ్యికి ఒకటో రెండో ఉండేది, ల్యాప్ తొలిరోజుల్లో అది వెయ్యికి అయిదు దాకా పోయింది. ఎందుకంటే స్క్రీన్ మీద లోతు తెలీదు, చెయ్యి ఎడమకి తిప్పితే లోపల కొన కుడికి పోతుంది, వేలితో తడిమి చూసే ఛాన్స్ లేదు. సంచిని గట్టిగా పైకి లాగితే కామన్ డక్ట్ కూడా సాగి, సంచి నుంచి వచ్చే సన్న నాళం సిస్టిక్ డక్ట్‌తో ఒకే గీతలోకి వచ్చేస్తుంది, కామన్ డక్ట్‌నే సిస్టిక్ డక్ట్ అనుకుని క్లిప్ వేసేస్తారు. 1995లో స్ట్రాస్‌బర్గ్ అనే ఆయన రూల్ చెప్పారు, అక్కడి కొవ్వంతా శుభ్రం చెయ్యి, సంచి కింది భాగాన్ని లివర్ నుంచి విడదియ్యి, సంచిలోకి వెళ్లేవి రెండంటే రెండే, సిస్టిక్ డక్టూ దాని పక్క రక్తనాళమూ, కనిపించాలి, అప్పటిదాకా కత్తెర ముట్టుకోకు అని. నేను ఇప్పటికీ ఆ రెండూ కనిపించాక పైకే అంటాను, "ఒకటి, రెండు" అని, సిస్టర్లు నవ్వుకుంటారు.

అంటే చేతికి అలవాటయ్యేదాకా పేషెంట్ దగ్గరికే రాకూడదు, డబ్బా వాదన ఇదే. 2002లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ల్యాప్ గాల్ బ్లాడర్ ఆపరేషన్ మీద ఒక స్టడీ చేశారు, 16 మంది రెసిడెంట్లలో సగం మందికి ముందు సిమ్యులేటర్ మీద ట్రైనింగ్ ఇచ్చారు, మిగతా సగానికి మామూలు పద్ధతే. సిమ్యులేటర్ వాళ్లు 29 శాతం త్వరగా చేశారు, రెండోవాళ్ల చేతుల్లో గాల్ బ్లాడర్‌కి చిల్లు పడడమో పక్కన కాల్చడమో జరిగే అవకాశం అయిదింతలు. చిన్న స్టడీయే కానీ నా కళ్లతో చూసినదానికి సరిపోయింది. పైగా లక్షల మెషీనే అక్కర్లేదు, ప్లాస్టిక్ డబ్బాకి రెండు రంధ్రాలు, లోపల వెబ్‌క్యామ్, ఒక లైటు చాలు. మా వాడొకడు చింతపిక్కల్ని ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి మారుస్తూ కూర్చునేవాడు, ఆ తర్వాత స్కిన్‌తో ఉన్న చికెన్ లెగ్ తెచ్చి కుట్లు.

ఇదేదో కొత్తదనుకునేరు, మన సుశ్రుతుడు ఎప్పుడో చెప్పాడు, కోతలు సొరకాయ, దోసకాయల మీద, రక్తనాళం గుచ్చడం చచ్చిన పశువు నరం మీద, కలువ కాడ మీద, కట్లు బొమ్మల మీద నేర్చుకోవాలని. ఎంత చదివినా ఇలా చెయ్యి తిప్పనివాడు ఆపరేషన్లకి పనికిరాడు అని కూడా అన్నాడు.

మరి డబ్బాలో లేనిదేంటి? రక్తం. చింతపిక్క కారదు. పోయినేడు ఒక కేసులో, చీము పట్టి రాయిలా గట్టిపడిన గాల్ బ్లాడర్, నా జూనియర్ అమ్మాయి ల్యాప్‌లో చెయ్యి చూస్తే ముచ్చటేస్తుంది, స్క్రీన్ ఒక్కసారి ఎర్రబడింది, కన్వర్ట్ చేద్దామ్మా అన్నా, అంటే ల్యాప్ ఆపి ఓపెన్‌కి మారడం. పొట్ట తెరిచాక ఆ పిల్ల ఆగిపోయింది, రిట్రాక్టర్ ఎక్కడ పెట్టాలో తెలీలేదు, ఎందుకంటే ట్రైనింగ్ మొత్తంలో ఓపెన్ గాల్ బ్లాడర్ ఒక్కటి కూడా చూడలేదు. తన తప్పేం లేదు, ఓపెన్ కేసులే లేవు. వచ్చేవి అచ్చం ఇలాంటివే, కష్టమైనవి. పేషెంట్ బాగానే ఇంటికెళ్లాడు, నాకే ఆ రాత్రి నిద్ర పట్టలా.

రోబో గురించి కూడా అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. డావిన్సీ అనే సర్జరీ రోబోకి అమెరికాలో 2000లో పర్మిషన్ వచ్చింది, మన దేశంలో తయారైన మంత్ర అనే రోబో కూడా ఉందిప్పుడు. ప్రోస్టేట్ లాంటి ఇరుకు చోట బ్రహ్మాండం, మామూలు గాల్ స్టోన్‌కి నా లెక్కలో దండగ. నేర్చుకునేవాళ్లకి ప్లస్ ఏంటంటే రెండు కన్సోళ్లుంటే (సర్జన్ కూర్చుని రోబోని నడిపే బల్లలు) సీనియర్ టక్కున కంట్రోల్ తీసేసుకోవచ్చు, మైనస్ కూడా అదే, తిరిగి ఇవ్వడు.

కాబట్టి చేతికి డబ్బా, అందులో నాకు రెండో మాట లేదు, మొదటి ఆరు నెలలు డబ్బాలో పాసవ్వకుండా ల్యాప్ ముట్టుకోనివ్వకూడదు. బుర్రకి మాత్రం రాత్రి డ్యూటీలే. ఓపెన్‌కి ఏ డబ్బా ఉందో నాకైతే కనపడట్లా, దొరికిన ప్రతి ఓపెన్ కేసులో పీజీని లాగి నిలబెట్టడం తప్ప.

మా కుర్రాడి లీవ్ లెటర్ మీద సంతకం పెట్టేశా. పెట్టి, "వచ్చాక నెల రోజులు ఎమర్జెన్సీ నైట్స్ నీవే, ప్రతి ల్యాపరాటమీకి, అంటే పొట్ట కోసే ప్రతి ఓపెన్ కేసుకి, స్క్రబ్ అవ్వాలి" అన్నా. రిట్రాక్టర్ పట్టుకోవడానికా సార్ అని మొహం మాడ్చాడు. అవును, కాకపోతే ఈసారి ఎడమవైపు నిలబడు, అక్కణ్నుంచి కనిపిస్తుంది అన్నా.